అందరూ ఒకేలా రాశారు

ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అటెండరు మొదలుకుని పెద్దసారు దాకా అందరికీ ఆమె జల్లెడమ్మే. ఎగతాళికి పెట్టిన పేరే అయినా ఆమెకు లోలోపల ఇష్టంగానే ఉండేది. ఏ కుళాయి ఎన్నాళ్ళు ఆగింది, ఏ వీధిదీపం వెలగడం లేదు, ఏ రోడ్డు గురించి ఎవరు ఏమని మొరపెట్టుకున్నారు, ఇలాంటి లెక్కలన్నీ జనం చూసుకునేలా నగర కార్యాలయం తన వెబ్‌సైటులో పెడుతుంది. పెట్టేముందు ఆ డేటాను జల్లించి, తప్పులు ఏరి, వందకు ఇన్ని అని నాణ్యత మార్కులు వెయ్యడం ఆమె పని. మూడో అంతస్తులో మెట్ల పక్క గదిలో, ఒక కాలు పొట్టిదైన బల్ల ముందు కూర్చుని పదకొండేళ్ళుగా అదే చేస్తోంది. ఆ కాలి కింద మడత పెట్టిన అట్టముక్క కూడా పదకొండేళ్ళదే.

మార్కుల విషయంలో ఆమె మొహమాటం ఎరగదు. పెద్దసారు స్వయంగా పంపిన చెత్తబండ్ల లెక్కకు ఒకసారి నలభై రెండు వేసింది. ఆయన వారం రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాడు. ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు. డేటా శుభ్రంగా ఉంటే ఊరు బాగుపడుతుందని ఆమె నిజంగానే నమ్మింది. అలా నమ్మేవాళ్ళు ఆ భవనంలో ఇంకొకరు ఉన్నారో లేదో నాకు తెలియదు.

ఈ కథకు మూలం ఒక రోడ్డు. ఊరికి పడమట వైపు ఒక కాలనీ ఉంది. దాని ముందునుంచే నాలుగు బళ్ళు పక్కపక్కన పోయేంత వెడల్పు రోడ్డు. రోడ్డుకు ఇవతల ఇళ్ళు, అవతల బడి, ఆసుపత్రి, కూరగాయల అంగడి. కూతవేటు దూరంలో బస్సు డిపో. మధ్యలో జనం దాటడానికి తెల్లగీతలు వేశారుగానీ సిగ్నలు పెట్టలేదు. పొద్దున ఎనిమిదింటికి డిపో గేటు తెరుస్తారు, బస్సులన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని బయటపడతాయి. సరిగ్గా అప్పుడే పిల్లలు బడికి, ముసలివాళ్ళు ఆసుపత్రికి బయల్దేరతారు. ఆ గీతలు ఉన్నాయనే సంగతి డ్రైవర్లకు పట్టదు.

ఆ గీతలకు ఎదురుగానే జల్లెడమ్మ పిన్ని కుట్టుషాపు. తల్లి మంచం పట్టినప్పుడు ఆరేళ్ళ పిల్లను తీసుకొచ్చి, జడలు వేసి, చదివించి, పెళ్ళి చేసి పంపింది ఈ పిన్నే. మిషను కిటికీకి ఎదురుగా వేసుకుని కుడుతుంది కాబట్టి రోడ్డు మీద జరిగేదంతా ఆమె కళ్ళముందే జరుగుతుంది. "రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటుతున్నాం తల్లీ. మీ ఆఫీసులో ఎవరికైనా చెప్పు," అని పిన్ని ఎప్పుడు కలిసినా అనేది.

జల్లెడమ్మ చెప్పేది కాదు. చెబితే పని కాదని ఆమెకు తెలుసు. ఏటా పదిచోట్ల సిగ్నళ్ళు పెడతారు. ఏ పదిచోట్ల అనేది రోడ్ల శాఖ ఫిర్యాదుల డేటా చూసి తేలుస్తుంది. ఎక్కడ ఎక్కువ ఫిర్యాదులుంటే అక్కడ సిగ్నలు. ఇందులో సిఫారసు లేదు, మొహం చూసి చేసేది లేదు. కాబట్టి జనం ఫిర్యాదు రాయాలి. అదీ పద్ధతిగా రాయాలి.

ఎందుకంటే అప్పటిదాకా వచ్చిన ఫిర్యాదులు చూస్తే ఆమెకు తల ప్రాణం తోకకు వచ్చేది. జనం ఫారంలో కథలు రాసేవాళ్ళు. ఒకాయన తన మోకాలి ఆపరేషను దగ్గర మొదలుపెట్టి అరపేజీ తర్వాతగాని రోడ్డు మీదికి రాలేదు. ఒకావిడ స్థలం పేరు రాయాల్సిన చోట 'మా ఇంటి ముందు' అని రాసింది. ఇవి ఫిర్యాదులా, చుట్టాలకు రాసిన ఉత్తరాలా అని రోడ్ల శాఖవాళ్ళు నవ్వారు. ఒక్క కాలనీ అయినా సరిగ్గా రాయడం నేర్చుకుంటే మిగతా ఊరికి అది నమూనా అవుతుందని జల్లెడమ్మ పెద్దసారును ఒప్పించింది. ఏ కాలనీ అని ఆయన అడగనే లేదు. అడిగినా దాపరికం లేదు, మా పిన్ని వాళ్ళదని చెప్పేసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కాలనీ సంఘం గదిలో ముప్పై నలుగురు కూర్చున్నారు. కుర్చీలు చాలక పిన్ని షాపులోని బల్లలు కూడా మోసుకొచ్చారు. జల్లెడమ్మ గోడకు ఆనించిన బోర్డు మీద అంతా విడమరిచి రాసింది. స్థలం పేరు అందరూ ఒకటే రాయాలి: 'డిపో దగ్గర గీతలు'. సమయం గంటల్లో చాలు, నిమిషాలు వద్దు. బండి ఏదో ఒక్క మాటలో చెప్పాలి. జరిగింది ఒక్క వాక్యంలో రాయాలి. ఆ వాక్యం కూడా ఆమే ఇచ్చింది: 'దాటుతుంటే బస్సు ఆగలేదు.' దెబ్బ తగిలితే పక్కగడిలో అవును అని, లేకపోతే లేదు అని పెట్టాలి. అంతే.

తర్వాత గోడ మీద మ్యాప్ వేసి చూపించింది. ఫిర్యాదు ఉన్నచోట ఎర్రచుక్క పడుతుంది. ముప్పై రోజులపాటు అక్కడినుంచి ఒక్క ఫిర్యాదూ రాకపోతే చుక్క దానంతటదే ఆకుపచ్చ అవుతుంది, కింద 'పరిష్కారమైంది' అని పడుతుంది. సిగ్నలు వచ్చాక మన చుక్క కూడా అలాగే పచ్చబడుతుందని ఆమె అంటే అందరూ చప్పట్లు కొట్టారు.

అడ్డుచెప్పింది ఒక్క నిమిషాల తాత. డెబ్బై దాటిన మనిషి, పిన్ని షాపు పక్కనే గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం ఆయనది. ఆయనకు ఎనిమిదింబావు అనడం చేతకాదు, ఎనిమిదీ పద్నాలుగు అంటాడు. అందుకే ఆ పేరు. రోడ్డు మీద జరిగినవన్నీ రెండేళ్ళుగా ఒక నోట్‌బుక్కులో నిమిషాలతో సహా రాసుకుంటున్నాడు.

"ఎనిమిదీ ఏడుకి బడిపిల్ల తప్పించుకుంది. ఎనిమిదీ పన్నెండుకి బేకరీ అమ్మాయి వెనక్కి పడింది. రెండూ ఎనిమిది అని రాస్తే రెండూ ఒకటే అయిపోవా అమ్మా?" అన్నాడు.

"తాతగారూ, మనిషికి తెలిసినంత వివరం కంప్యూటరుకి అక్కర్లేదు. లెక్క తేలితే చాలు," అంది జల్లెడమ్మ. అందరూ నవ్వారు. తాత కూడా నవ్వి, కళ్ళజోడు తుడుచుకుని, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించుకున్నాడు.

ఆ మాట ఆమెకు తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు.

కాలనీ రాయడం మొదలుపెట్టింది. ఫోన్లు ఉన్నవాళ్ళు ఫోన్లో, లేనివాళ్ళు కాగితం మీద. కాగితాలన్నీ పిన్ని షాపుకి చేరేవి. సాయంత్రం మిషను ఆపాక పిన్ని వాటిని ఒక్కొక్కటే ఫోన్లోకి ఎక్కించేది. ఎవరైనా ఒక మాట ఎక్కువ రాస్తే కొట్టేసి, మా అమ్మాయి చెప్పింది ఇలా కాదని సరిదిద్దేది. కొత్త పద్ధతిలో కాలనీనుంచి మొట్టమొదటి ఫిర్యాదు కూడా ఆవిడే రాసింది. మందులకని దాటుతుంటే బస్సు అద్దం ఆమె భుజాన్ని రాసుకుంటూ పోయిన రోజు అది. మూడు నెలల్లో ఆ కాలనీ నాణ్యత మార్కులు ముప్పై ఒకటినుంచి తొంభై ఆరుకి ఎగబాకాయి. ఊరంతటికీ మొదటి స్థానం. పెద్దసారు మెచ్చుకుంటూ ఉత్తరం పంపితే పిన్ని దాన్ని అద్దం కట్టించి, కొలతల టేపు వేలాడే మేకుకు పక్కనే తగిలించింది.

మ్యాప్ మీద ఆ గీతల దగ్గర ఒకే ఒక ఎర్రచుక్క కనిపించేది. అన్ని ఫిర్యాదులూ ఒకేచోటివి కాబట్టి చుక్కలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయని జల్లెడమ్మ అనుకుంది. పిన్నీ అలాగే అనుకుంది. అనుమానించవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు.

పది స్థలాల జాబితా ఒక బుధవారం వచ్చింది. జల్లెడమ్మ పైనుంచి కిందికి ఒకసారి చదివింది, కిందినుంచి పైకి ఒకసారి చదివింది. డిపో దగ్గర గీతలు లేవు. పదో స్థానంలో ఉన్న కూడలికి పద్నాలుగు ఫిర్యాదులు. పద్నాలుగే. పిన్ని లెక్క ప్రకారం కాలనీనుంచి వెళ్ళినవి నూట ఎనభై తొమ్మిది.

ఎక్కడో పొరపాటు జరిగిందని రోడ్ల శాఖకు ఫోన్ చేసింది. వాళ్ళు చూసి, మీరు పంపిన ఫైల్లో ఆ స్థలానికి ఒక్క ఫిర్యాదే ఉందమ్మా అన్నారు. ఆమె ఫోన్ పెట్టేసి తన ఫైలు తెరిచింది. ఒక్కటే ఉంది. అప్పుడు, పదకొండేళ్ళలో బహుశా మూడోసారో నాలుగోసారో, తీసేసిన వరుసలు దాచే ఫోల్డరు తెరిచింది. అందులో నూట ఎనభై ఎనిమిది ఉన్నాయి.

తీసేసింది ఎవరో కాదు, ఆమె జల్లెడే. అంతకు ఆరు నెలల ముందు ఎక్కడో కరెంటు తీగ తెగిపడితే నలభైమంది ఫిర్యాదు చేశారు. ఒక తీగకు నలభై వరుసలు. అలాంటివి ఏరెయ్యడానికి ఆమె ఒక నియమం రాసిపెట్టింది. స్థలం, గంట, బండి, వాక్యం ఈ నాలుగూ ఒకటే అయి, ముందుదానికి ఏడు రోజుల లోపల వచ్చిన ఫిర్యాదును అదే ఫిర్యాదు మళ్ళీ వచ్చినట్టు లెక్కకట్టి తీసెయ్యాలి. జనం ఆలస్యంగా రాస్తారు కాబట్టి ఏడు రోజులు. మంచి నియమమే. మిగతా కాలనీలవాళ్ళు మోకాళ్ళ గురించీ, ఇంటి ముందు గుంటల గురించీ తలో రకంగా రాశారు కాబట్టి జల్లెడ వాళ్ళ జోలికి పోలేదు. ఈ కాలనీవాళ్ళు ఒద్దికగా, ఆమె నేర్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా రాశారు. దాదాపు రోజూ రాశారు కాబట్టి ఏడు రోజుల ఎడం ఎక్కడా రాలేదు. మొదటిదాన్ని ఉంచి మూడు నెలల ఫిర్యాదుల్నీ జల్లెడ ఒకదాని వెంట ఒకటి మింగేసింది. తీసేసినా ఫిర్యాదు వచ్చిన రోజును మ్యాప్ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి చుక్క మాత్రం ఎర్రగానే ఉండిపోయింది. ఎంత బాగా నేర్చుకుంటే అంత నున్నగా తుడిచిపెట్టుకుపోయారు.

ఆమె లేచి పెద్దసారు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయన చెడ్డమనిషి కాదు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరు కాబోతున్న మనిషి, అంతే. ఆమెను కూర్చోబెట్టాడు, మంచినీళ్ళు తెప్పించాడు, మొత్తం విన్నాడు. జాబితా మీద సంతకాలైపోయాయని, ఇప్పుడు ఒక స్థలం చేర్చాలంటే ఒక స్థలం తియ్యాలని, తీసేసిన చోటి జనం ఊరుకోరని చెప్పాడు. నియమమైనా మారుస్తానని ఆమె అంది. ఏడాది మధ్యలో పద్ధతి మారిస్తే పోయిన నెలతో ఈ నెలను పోల్చలేమని, డేటా నాణ్యత గురించి ఆయనకు మొదట నేర్పిందే ఆమె అని ఆయన గుర్తుచేశాడు. అది నిజమే. "ఐదు నెలలు ఓపిక పట్టండమ్మా. కొత్త ఏడాదిలో సరిచేద్దాం. ఇప్పుడు బయటపెడితే మన డేటాను ఇక ఎవరూ నమ్మరు," అన్నాడు.

ఆమె తలూపి బయటికి వచ్చింది. పోట్లాడి ఉండాల్సింది. ఎవరికి భయపడిందని అడిగితే ఆమె దగ్గర ఇవాళ్టికీ జవాబు లేదు. తన చేతులతో కట్టిన జల్లెడ తప్పని నలుగురిలో ఒప్పుకోవడానికి మనసు రాలేదేమో. అంతకు మించి పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని నాకు అనిపిస్తుంది గానీ, లేదు.

పిన్నికైనా చెప్పేద్దామని ఆ సాయంత్రమే కాలనీకి వెళ్ళింది. కుట్టుషాపు నిండా జనం. జాబితా సంగతి అప్పటికే తెలిసిపోయింది. ఎవరూ ఆమె మీద విరుచుకుపడలేదు. విరుచుకుపడినా బాగుండేది. తప్పు తమదేనని వాళ్ళలో వాళ్ళే మథనపడుతున్నారు. సెలవురోజుల్లో రాయలేదు కదా, అందుకే తగ్గిందేమో అని బేకరీ అమ్మాయి అంది. మనకంటే ఎక్కువ బాధపడేవాళ్ళు పదిచోట్ల ఉన్నారు కాబోలు పాపం అని పిన్ని అంది. అప్పుడు తాత మూలనున్న స్టూలు మీదినుంచి అడిగాడు.

"అమ్మా, ఎనిమిది అని మాత్రమే రాశాం కదా. దానివల్ల ఏమైనా తేడా పడిందా?"

గది నిండా ఉన్న ముఖాలు ఆమె వైపు తిరిగాయి.

"లేదు తాతగారూ. దానివల్ల కాదు. వచ్చే జాబితాలో మనది తప్పకుండా ఉంటుంది. మీరు రాస్తూ ఉండండి," అంది.

తాత సరేనన్నట్టు తలాడించాడు. ఆయన ఇక ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

వాళ్ళు రాస్తూ ఉన్నారు. ఇదివరకటికంటే పట్టుదలగా, సెలవురోజుల్లో కూడా. జల్లెడమ్మ రోజూ పొద్దున ఆఫీసుకు రాగానే తీసేసిన వరుసల ఫోల్డరు తెరిచి చూసేది. నిన్న నాలుగు, ఇవాళ రెండు. ఒక్కొక్క వరుస చూస్తుంటే చేతిలో అన్నం ముద్ద పట్టుకుని మూసిన తలుపు ముందు నిలబడ్డ మనిషిని చూసినట్టు ఉండేది. అన్నం సహించేది కాదు. ఇంట్లో భర్త ఏమైందని రెండుసార్లు అడిగితే ఆఫీసులో పని ఎక్కువగా ఉందంది. పిన్ని ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంది.

ఇరవై మూడో రోజు పొద్దున పది గంటలకు పిన్ని మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఎందుకో ఎత్తింది. "గడియారాల పెద్దాయన పోయాడు తల్లీ. గీతల మీదే," అంది పిన్ని.

దుకాణం తాళాలు కూరగాయల అంగడిలో మరిచిపోయి వెనక్కి వెళ్తున్నాడట. సగం దాటాడట. మొదటి బస్సు ఆగింది, దాని పక్కనుంచి వచ్చిన రెండోది ఆగలేదు. పిన్ని మిషను దగ్గరే ఉంది. అంతా కిటికీలోంచి చూసింది. ఆసుపత్రి రోడ్డుకు అవతలే ఉన్నా అంతదూరం ఊపిరి నిలవలేదు.

జల్లెడమ్మ వెళ్ళింది. ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించి ఒక పక్కన నిలబడింది. తాత కూతురు ఎవరెవరో చెప్పిన మాటలకు తలూపుతూ కూర్చుంది. దుకాణంలో గోడ నిండా గడియారాలు ఎవరి దారిన అవి నడుస్తున్నాయి. బాగుచెయ్యడానికి ఇచ్చినవి ఎవరెవరివో చీటీలు చూసి సర్దే పని అప్పటికే పిన్ని నెత్తిన వేసుకుంది. ఆ పనిలోనే ఆమెకు తాత నోట్‌బుక్కు దొరికింది. తీసుకుని చీరకొంగులో చుట్టి పెట్టుకుంది.

వారం తర్వాత పిన్ని ఆఫీసుకు వచ్చింది. పదకొండేళ్ళలో ఆమె ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. ఆయాసపడుతూ వచ్చి, పొట్టికాలు బల్ల ముందు కూర్చుంది. గది చుట్టూ చూసింది. ఇదేనా నువ్వు పనిచేసే చోటు అని ఒకింత గర్వంగానే అడిగింది. మంచినీళ్ళు తాగి, వచ్చిన పని చెప్పింది.

"ఆయన పోయిన సాయంత్రమే ఫారం నింపానమ్మా. చెయ్యి ఆడలేదు, అయినా నింపాను. ఆ పిల్ల అడుగుతోంది, మా నాన్నది ఎక్కిందా అని. ఆయన చుక్క ఏదో ఒకసారి చూపించు."

జల్లెడమ్మ మ్యాప్ తెరిచింది. డిపో దగ్గర గీతల మీద ఒక ఎర్రచుక్క. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగింది. చుక్కను నొక్కితే తేదీ, గంట, వాక్యం కనిపించాయి. పిన్ని ఆ తేదీని రెండుసార్లు చదివింది.

"ఇది ఆయనది కాదు. ఇది నాది. నా భుజానికి అద్దం రాసుకున్న రోజు," అంది.

"అవును పిన్నీ."

"మరి ఆయనది?"

ఇక దాచడానికి ఆమెకు శక్తి లేదు. తీసేసిన వరుసల ఫోల్డరు తెరిచింది. తెర నిండా వరుసలు పరుచుకున్నాయి. డిపో దగ్గర గీతలు, ఎనిమిది, బస్సు, దాటుతుంటే బస్సు ఆగలేదు. డిపో దగ్గర గీతలు, ఎనిమిది, బస్సు, దాటుతుంటే బస్సు ఆగలేదు. పైనుంచి కిందిదాకా అదే. ఇవన్నీ ఏమిటని పిన్ని అడిగింది. జల్లెడమ్మ చెప్పింది. తీగ గురించి, నియమం గురించి, ఏడు రోజుల గురించి, పెద్దసారు గురించి, ఆ సాయంత్రం షాపులో తాతకు చెప్పిన అబద్ధం గురించి. తల వంచుకుని, గొంతు పైకి లేపకుండా, ఏదీ దాచకుండా చెప్పింది. అట్టముక్క ఎక్కడ జారిందో, చెప్తున్నంతసేపూ బల్ల ఊగుతూనే ఉంది.

పిన్ని తెర మీద వేలు పెట్టి పైనుంచి చదవడం మొదలుపెట్టింది. వాక్యాలు కాదు, వాక్యాలన్నీ ఒకటేగా. తేదీలు చదివింది. వెంట తెచ్చిన తాత నోట్‌బుక్కు తెరిచి ఒళ్ళో పెట్టుకుంది, కానీ దాన్ని చూసే అవసరం పెద్దగా రాలేదు. ఇది బడిపిల్లది, చెప్పు ఊడిపోయిన రోజు. ఇది బేకరీ అమ్మాయిది, ట్రే మొత్తం రోడ్డు పాలైంది. ఇది ఆసుపత్రిలో కట్టు విప్పించుకోను పోయిన చెవిటాయనది. ఇది కవలల తల్లిది, ఒక్క చేత్తో ఇద్దర్నీ లాగింది. అన్నీ ఒకేలా ఉన్న ఆ వరుసల్లో ఆమెకు ఒక్కటి కూడా ఇంకోదానిలా కనిపించలేదు. వాటిలో సగానికి పైగా ఆమె చేత్తో ఎక్కించినవే. తాను కొట్టేసిన మాటలు కూడా ఆమెకు గుర్తున్నాయి.

చదువుతూ చదువుతూ రెండు వందల యాభై ఆరో వరుస దగ్గర వేలు ఆగింది. డిపో దగ్గర గీతలు. ఎనిమిది. బస్సు. దాటుతుంటే బస్సు ఆగలేదు. పక్కగడిలో దెబ్బ తగిలిందా అన్నచోట అవును అని ఉంది. జల్లెడ ఆ గడిని చూడదు. నోట్‌బుక్కులో ఆ తేదీ కింద పిన్ని తన వంకర అక్షరాలతో ఎనిమిదీ ఇరవై ఒకటి అని రాసింది. గోడమీది గడియారం చూసి రాసిందట. ఆయనైతే అలాగే రాసుకునేవాడు కదా అంది.

కాసేపటికి కళ్ళజోడు తీసి మడిచింది.

"నువ్వు చెప్పినట్టే రాశాం కదమ్మా. ఒక్క ముక్క కూడా మార్చలేదు," అంది.

అందులో కోపం లేదు. తెలియక అడిగిన మాటలా ఉంది. పిన్ని నోట్‌బుక్కును కొంగులో చుట్టుకుని లేచింది. మెట్లదాకా వస్తానంటే వద్దంది. కిందికి దిగడం తేలికే అంది.

ఆ మర్నాడు కాలనీనుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఆ పై రోజూ రాలేదు. పిన్ని ఎవరితో ఏం చెప్పిందో, అసలు చెప్పిందో లేదో తెలియదు. ఒకటి మాత్రం జల్లెడమ్మ చెవిన పడింది, అద్దం కట్టించిన ఉత్తరం గోడ మీద లేదని. జల్లెడమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. పిన్ని ఎత్తి, అన్నం తిన్నావా అని అడిగి, మిషను మీద పనుందని పెట్టేసింది.

జల్లెడమ్మ రోజులు లెక్కపెట్టుకుంది. పది, పద్దెనిమిది, ఇరవై ఐదు. నియమం మార్చమని పెద్దసారుకు రాతపూర్వకంగా ఇచ్చింది. కొత్త ఏడాది ఫైల్లో పెట్టమని ఆయన పక్కన రాసి పంపాడు. ఇరవై తొమ్మిదో రోజు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఆ రోడ్డు దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఎనిమిదీ నాలుగుకు ఒక బస్సు ఆగలేదు. ఎనిమిదీ తొమ్మిదికి ఇంకోటి ఆగలేదు. ఎవరో పెద్దావిడ అడుగు ముందుకు వేసి, వెనక్కి వేసి, మళ్ళీ ముందుకు వేసింది. జల్లెడమ్మ ఫోన్ తీసి ఫారం తెరిచి, నిమిషాలతో సహా మొత్తం రాసింది. పంపబోతే ఫారం ఒప్పుకోలేదు. డేటాకు మార్కులు వేసేవాళ్ళు డేటా రాయకూడదు. ఆ నియమం కూడా ఆమె పెట్టినదే, చాలా ఏళ్ళ క్రితం, న్యాయంగా ఉండాలని. రోడ్డుకు ఇవతల కుట్టుషాపు కిటికీలో పిన్ని తల వంచుకుని కుడుతోంది. వెళ్ళి, పిన్నీ ఒక్కటి రాయవా అని అడగడానికి ఆమెకు కాళ్ళు రాలేదు.

ముప్పై ఒకటో రోజు ఆఫీసుకు రాగానే ఆ నెల మార్కులు వచ్చి ఉన్నాయి. ఆ కాలనీకి వందకు వంద. తప్పు రాయడానికి అసలు ఏమీ రాయలేదు మరి. పెద్దసారు తలుపు దగ్గర ఆగి, మీ నమూనా కాలనీ రికార్డు కొట్టిందమ్మా అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె మ్యాప్ తెరిచింది. డిపో దగ్గర గీతల మీద చుక్క ఆకుపచ్చగా ఉంది. నొక్కితే పిన్ని తేదీ, పిన్ని గంట, పిన్ని వాక్యం కనిపించాయి. దాటుతుంటే బస్సు ఆగలేదు. దాని కింద 'పరిష్కారమైంది' అని ఉంది.